పుటకు రెండు జతల కళ్లు

మధునాపంతుల సత్యనారాయణశాస్త్రిగారి ‘ఆంధ్ర రచయితలు’ ఇవాళ ఫోనులో చదువుకోవచ్చు. రాజమహేంద్రవరం అద్దేపల్లి అండ్ కో వారి 1950 నాటి ముద్రణ అది. ఫోనులో దొరకని పుస్తకం ఏముందిప్పుడు, ఇందులో విశేషమేమిటని అడగవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు రోజూ వచ్చి పడుతూనే ఉన్నాయి, నిజమే. కానీ ఆ పీడీఎఫ్‌లు చాలావరకు పుటల ఫోటోల కట్టలు. వాటిలో ఒక మాట వెతకలేం. ఒక వాక్యం తీసుకుని మన వ్యాసంలో పెట్టుకోలేం. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అవి తెల్లకాగితాలతో సమానం. ఔత్సాహికులు కలిసి పుస్తకాలు ఎక్కించే సైటు తెలుగు వికీసోర్స్‌లో ఉన్న ఈ పుస్తకం ఆ బాపతు కాదు. అచ్చులో ఉన్న ప్రతి అక్షరాన్నీ మళ్లీ అక్షరంగా నిలబెట్టిన ప్రతి అది. ఆ నిలబెట్టిన పనితనం గురించే నేను చెప్పదలచుకున్నది.

ముందు ఒక పుట తెరిచి చూడండి. తెర రెండు భాగాలుగా ఉంటుంది. కుడివైపు పాత పుస్తకం పుట, మరకలతో, చెదలు కొరికిన అంచులతో, ఏ గ్రంథాలయం ముద్ర ఉంటే ఆ ముద్రతో సహా. ఎడమవైపు అదే పుట టైపు చేసిన పాఠం. ఈ రెండూ ఎప్పటికీ విడిపోవు. పని పూర్తయింది కదా అని బొమ్మను తీసి పారేయరు. నాకు ఈ సైటులో మొట్టమొదట నచ్చిన సంగతి ఇదే. పుస్తకాన్ని కంప్యూటర్‌కి ఎక్కించేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. మైకేల్ హార్ట్ 1971లో మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్ పథకం అందరికీ తాత. అయితే దాని పాత పాఠాల్లో చాలావాటికి ఏ ముద్రణ చూసి ఎక్కించారో చెప్పే ఆనవాలే ఉండదు. నమ్మితే నమ్మాలి. వికీసోర్స్ నమ్మమనదు. పక్కనే పెట్టాం, పోల్చుకోండి అంటుంది.

పాఠం పైన ఒక రంగుపట్టీ ఉంటుంది. ఎరుపు అంటే ఈ పుటను ఇంకా అచ్చుదిద్దలేదని అర్థం. పసుపు అంటే ఒకరు దిద్దారు. ఆకుపచ్చ అంటే రెండోవారు కూడా చూసి ఆమోదించారు. బొమ్మ సరిగా పడకపోయినా, అర్థంకాని చిక్కేదైనా ఉన్నా నీలం వేసి పక్కన పెడతారు. ఖాళీ పుటకు బూడిదరంగు. పుస్తకమంతటికీ ఒక సూచిక పుట ఉంటుంది. అందులో అన్ని పుటల అంకెలూ తమ తమ రంగుల్లో వరసగా కనిపిస్తాయి. పని నడుస్తున్న పుస్తకం సూచికను చూస్తే, ఊడ్పుల రోజుల్లో గోదావరి గట్టు మీంచి చేలను చూసినట్టు ఉంటుంది: ఇక్కడ పచ్చబడింది, అక్కడ ఇంకా దుక్కి.

అసలు ఒడుపంతా పసుపునుంచి ఆకుపచ్చకు మారేచోట ఉంది. పసుపు చేసినవారు తామే ఆకుపచ్చ చేయలేరు. వారికి ఆ మీట కనిపించదు. వేరే మనిషి రావాలి, బొమ్మనూ పాఠాన్నీ మళ్లీ మొదటినుంచి పోల్చాలి. రాసినవాడి తప్పు రాసినవాడి కంటికి ఆనదన్న సంగతి ప్రూఫులు దిద్దిన ప్రతివారికీ తెలుసు. మన కన్ను అక్కడ ఉన్నది చదవదు, ఉండాలనుకున్నది చదువుతుంది. అచ్చాఫీసుల్లో ఈ సంగతి అనుభవం మీద తెలిసేది. ఇక్కడ దాన్ని యంత్రంలోనే బిగించేశారు. పెద్ద పండితుడైనా, నిన్న ఖాతా తెరిచిన కాలేజీ అమ్మాయి అయినా ఈ నిబంధన ఒకటే. ఆ అమ్మాయి దిద్దిన పుటను పండితుడు ఆమోదించవచ్చు, పండితుడు దిద్దినదాన్ని ఆ అమ్మాయీ ఆమోదించవచ్చు. పుటల్ని పంచుకుని తలా ఒకటి దిద్దే పద్ధతి 2000లో చార్లెస్ ఫ్రాంక్స్ గుటెన్‌బర్గ్ కోసం మొదలుపెట్టిన ‘డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్’తో బాగా పాదుకుంది. దానికి బొమ్మను శాశ్వతంగా జోడించి, ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో చరిత్రలో దాచి ఉంచడం వికీసోర్స్ వారి చేర్పు.

ఇప్పుడు అక్షరాల్లోకి దిగుదాం. పనివాడి చెయ్యి తెలిసేది అక్కడే.

పుట బొమ్మనుంచి అక్షరాల్ని గుర్తించి టైపు చేసి పెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, ఓసీఆర్ అంటారు. గూగుల్ వారిది తెలుగును బాగానే చదువుతుంది. 2015 తరవాత వికీసోర్స్‌లో పని జోరందుకోవడానికి అదొక కారణం. కానీ బాగానే అంటే ఎంత బాగా? ‘ధ’లో చుక్క పెడితే ‘థ’. పాత అచ్చులో సీసం అరిగి చుక్క లేవకపోతే ‘థ’ కాస్తా ‘ధ’ అవుతుంది. సిరా చింది ‘ధ’ పొట్టలో పడితే అదే తప్పు ఎదురుదిక్కున జరుగుతుంది. ‘ఋ’ను ‘బు’గా చదువుతుంది. ‘ప’ తలకట్టు విడిపడిందో లేదో తేలక ‘వ’ అంటుంది. ఇవన్నీ కంటికి దొరికే తప్పులు. కంటికి దొరకనివి ఇంకొన్ని ఉన్నాయి. తెలుగు అంకెల్లో సున్న, పూర్ణానుస్వారం చూడటానికి ఒకలాగే ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరువేరు అక్షరాలు. ‘గ్రంథం’ అన్న మాటలో సున్నకు బదులు అంకె వచ్చి కూర్చుంటే పుటను వందసార్లు చదివినా పట్టుకోలేం. కానీ ఆ మాట వెతికినవాడికి ఆ పుట దొరకదు. అందుకని ఆరితేరినవారు చదవడం అయ్యాక, అక్షరాల మధ్య ఇరుక్కున్న అంకె సున్నల కోసం విడిగా ఒకసారి గాలిస్తారు. ఎవరికీ కనిపించని తప్పును, ఎవరూ అడగకపోయినా, తీరిగ్గా కూర్చుని దిద్దడం. పనితనానికి ఇంతకంటే వేరే రుజువు నాకు అక్కర్లేదు.

వలపలగిలక సంగతి ఇంకా ముచ్చటైనది. పాత అచ్చుల్లో ‘కార్యము’ అన్న మాటలో రేఫను ఇప్పటిలా ముందు వేయకుండా, ‘య’ తరవాత కుడిపక్కన తొమ్మిది అంకెలాంటి గుర్తుగా వేసేవారు. ఓసీఆర్ దాన్ని నిజంగానే తొమ్మిదనుకుని ‘కాయ౯ము’ అని పెడుతుంది. దిద్దేవారు ఏం చేయాలి? ఉన్నదున్నట్టు ఉంచాలా, నేటి పద్ధతికి మార్చాలా? మార్చడమే న్యాయం. ఎందుకంటే అది రూపంలో తేడా, అక్షరంలో తేడా కాదు. అరసున్న అలా కాదు. ‘వాఁడు’ అని ఉన్నచోట ‘వాడు’ అని వేస్తే రచయిత రాసిన అక్షరాన్ని తీసేసినట్టే. కాబట్టి అరసున్న ఉండాలి, శకటరేఫ (ఱ) ఉండాలి, దంత్య చకార జకారాలకు గుర్తులు వేసి ఉంటే అవీ ఉండాలి. ఎక్కడ ముట్టుకోవాలో ఎక్కడ ముట్టుకోకూడదో తెలియడం పరిష్కర్తకు ఉండవలసిన మొదటి విద్య. వికీసోర్స్‌లో అది ఏ డిగ్రీ లేకుండా, చేసి చేసి అబ్బుతుంది.

కొన్ని అక్షరాలకు కంప్యూటర్‌లోనే చోటు లేని రోజులు కూడా ఉన్నాయి. దంత్య చకార జకారాలు యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. పాత పుస్తకాల్లో మాట చివర వచ్చే నకారపొల్లుకు ప్రత్యేకమైన రూపం ఉండేది. దానికి 2021 దాకా స్థానమే లేదు. అరసున్న, శకటరేఫ మొదటినుంచీ ఉన్నాయి కానీ మీటలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ మీట నొక్కితే అరసున్న, జె నొక్కితే ‘ఱ’. వీవెన్ తయారుచేసిన లేఖినిలో వాటికి వేరే దారి. తెలుగు టైపింగు వచ్చనుకునేవారిలో చాలామంది ఈ రెండింటినీ ఎప్పుడూ నొక్కి ఉండరు.

నొక్కవలసి వచ్చినప్పుడే చదువు మొదలవుతుంది. ‘వేఱు’ అని ఒకచోట, ‘వేరు’ అని ఇంకోచోట కనిపిస్తుంది. అచ్చుతప్పేమో అనుకుని నిఘంటువు తీస్తే మొదటిది భిన్నమైనది, రెండోది చెట్టు వేరు అని తెలుస్తుంది. ‘ఏఱు’ పారేది, ‘ఏరు’ అంటే ఏరడం. ‘మూఁడు’లో అరసున్న ఎందుకని ఆరా తీస్తే వెనక ‘మూండ్రు’ బయటపడుతుంది. అప్పుడు అరసున్న అలంకారం కాదనీ, పోయిన నిండుసున్న వదిలిన గుర్తనీ అర్థమవుతుంది. ఇది తరగతిలో చెబితే రెండు రోజుల్లో మరిచిపోయే పాఠం. ముప్ఫై పుటలు దిద్దినవాడు మరిచిపోడు. ఆన్‌లైన్ చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎంతసేపూ వీడియోల దగ్గరే ఆగుతాం. వీడియోను నేను తక్కువ చేయను, యూట్యూబ్‌లో లెక్కలు చెప్పే మంచి మాస్టార్లు తెలుగులోనూ ఉన్నారు. కానీ అక్కడ చూసేవాడు చూసేవాడిగానే మిగులుతాడు. ఇక్కడ చదివేవాడి చేతికే పని పెడతారు.

‘ఆంధ్ర రచయితలు’ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అందులో ఒక చక్కని యాదృచ్ఛికం ఉంది. మధునాపంతులవారు ఈ రాజమండ్రిలోనే తెలుగు పండితుడిగా పనిచేసినవారు. ప్రతి రచయిత వ్యాసానికీ ముందు ఆయన ఒక చిన్న పట్టీ కట్టారు: తల్లిదండ్రులు, జన్మస్థానము, ఉనికి, జననము, గ్రంథములు. ఆ తరవాతే ఆయన ధోరణిలో ఆ కవిగారి కథ. ఆ పట్టీని చూసిన వికీపీడియా పాఠకుడెవరైనా గుర్తుపడతాడు. ఇది సమాచారపెట్టె! వ్యాసం పక్కన గడులు గీసి పేరు, పుట్టిన తేదీ, ఊరు, రచనలు నింపే పెట్టె అదే. యాభైలలో రాజమండ్రి అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్‌కు, ఇప్పుడు ఆ గడుల్ని నింపుతున్న కుర్రాడికి ఒకే పని అప్పజెప్పారన్నమాట. ఆ పుస్తకం వికీసోర్స్‌లో ఉండటంవల్ల ఒక లాభం కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో పాత తరం రచయిత గురించి రాసేవారు దాన్ని ఆధారంగా చూపిస్తే, చదివేవాడు ఒక్క నొక్కుతో ఆ పుటకే వెళ్లి చూసుకోవచ్చు. కందుకూరి అన్నాడంటూ, చిలకమర్తి అన్నాడంటూ ఫేస్‌బుక్‌లో తిరిగే వాక్యాలకు ఏ పుటా ఉండదు.

ఇంకో చిన్న ఏర్పాటు చెప్పకుండా ఉండలేను. పుటలన్నీ విడివిడిగా దిద్దుతారు కదా, చదివేవాడికి అధ్యాయం అధ్యాయంగా కావాలి. అందుకని పుటల్ని కలిపి అధ్యాయం చూపిస్తారు. కలపడమంటే నకలు తీయడం కాదు. అధ్యాయం ఆ పుటల్లోంచే ఎప్పటికప్పుడు కనబడుతుంది. పుటలో ఒక అచ్చుతప్పు దిద్దితే అధ్యాయంలోనూ దిద్దుబాటు కనిపిస్తుంది. ఎడమ అంచున చిన్నగా పుటల అంకెలుంటాయి. అంకె నొక్కితే ఆ పుట బొమ్మ దగ్గరికి పోతాం. పుట చివర సగానికి తెగి తరవాతి పుటలో పూర్తయ్యే మాటలున్నాయే, పుటలో చూస్తే సగమే కనిపించాలి, అధ్యాయంలో చూస్తే కలిసిపోవాలి. దానికీ ఏర్పాటుంది. పుస్తకం పైన ముద్రించిన అంకెలకూ బొమ్మల వరుసకూ పొంతన కుదర్చడం మరో పని. అట్ట, లోపలి అట్ట, అంకితం, పీఠిక పోగా పదిహేనో బొమ్మ మొదటి పుట కావచ్చు. మధ్యలో ఒక ఆకు రెండుసార్లు బొమ్మ తీసి ఉండవచ్చు, ఒక ఆకు అసలు తీసి ఉండకపోవచ్చు. ఇదంతా సరిచేసినవారి పేరు ఎక్కడో చరిత్ర పుటలో ఒక వరుసలో ఉంటుంది.

బొమ్మలు ఎక్కడివంటే, చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంలో అది మనదేశపు భాగం. ఆశయం గొప్పది, చేసిన పని మటుకు ఒక్కోచోట బొత్తిగా నాసిరకం. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాశారు. రచయిత పేరున్నచోట ప్రకాశకుడు, సంవత్సరం ఉండాల్సినచోట ఏదో అంకె. 2017లో ఆ సైటు మూతపడింది. అప్పటికే ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉండబట్టి పుస్తకాలు మిగిలాయి. ఆ గుట్టలోంచి ఏది ఏ పుస్తకమో తేల్చి, తెలుగులో పేర్లు పెట్టి జాబితా కట్టిన తెలుగు వికీ సభ్యుల శ్రమ పుటలు దిద్దడానికి ఏమాత్రం తీసిపోదు. మంచి గ్రంథాలయంలో ఆ పని చేసే మనిషిని గ్రంథపాలకుడంటాం. 1898లో నాళం కృష్ణారావుగారు ఈ ఊళ్లో గౌతమీ గ్రంథాలయానికి పునాది వేసినప్పుడు కుర్రవాడే. జీతం లేని పనికి కుర్రవాళ్లు ముందుకు రావడం రాజమండ్రికి కొత్త కాదు.

ఈ సైట్ల విషయానికొస్తే, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవతో మొదలైంది, వికీసోర్స్ 2005లో. అప్పటికి ఇంటర్నెట్‌లో తెలుగు చూడటమే గగనం. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒకరిది ఇంకొకరి కంప్యూటర్‌లో చదవడం కుదిరేది కాదు. ఇప్పటివారికి ఆ బాధ చెప్పినా అర్థం కాదు కనక వదిలేస్తున్నాను.

సాధనాల కొరత మనకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టినప్పుడు మొదట దాన్ని మద్రాసులో అచ్చువేయించవలసి వచ్చింది. గోదావరి మీద రైలు వంతెన ఇంకా రాని రోజులు. ఇక్కడినుంచి రాతప్రతి పోవాలి, అక్కడినుంచి అచ్చుకాగితాలు రావాలి. ఆ ఆలస్యం భరించలేకే ఈ ఊళ్లో సొంతంగా అచ్చుకూటం పెట్టుకున్నారు. పత్రిక, నవల, ప్రహసనం, ఆడవాళ్లకోసం వేరే ‘సతీహిత బోధిని’. చదువును బడి గోడలు దాటించడానికి చేతికందిన ప్రతి సాధనాన్నీ వాడినవారాయన. ఆయన పుస్తకాలు ఇప్పుడు ఎవరైనా ఎక్కించవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లపాటు హక్కులుంటాయి. ఆ లెక్కన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి రచనలు 2007నుంచి, భమిడిపాటి కామేశ్వరరావుగారివి 2019నుంచి అందరివీ. చూపు లేక, చెప్పి రాయించిన చిలకమర్తివారి పుస్తకాన్ని ఇవాళ చూపులేని విద్యార్థి ఫోను చేత చదివించుకుని వినాలంటే, అది బొమ్మగా ఉంటే కుదరదు. ఎవరో ఒకరు పసుపు చేయాలి, ఇంకొకరు ఆకుపచ్చ చేయాలి.

లోటు లేదని కాదు. ఫోను తెర ఇరుకు. బొమ్మా పాఠమూ పక్కపక్కన పెట్టి దిద్దడం దాని మీద నరకం, కంప్యూటర్ ఉండాల్సిందే. కొత్తగా వచ్చినవారిని మూసల (టెంప్లేట్ల) కోడు బెదరగొడుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు రెండో మనిషి. ఎక్కించేవారు దొరుకుతారు, ఒకసారి దిద్దేవారు దొరుకుతారు. ఇంకొకరు దిద్దినదాన్ని మళ్లీ చదివి ఆకుపచ్చ చేయడానికే మనుషులు చాలరు. అందులో పేరు రాదు, కొత్తదనం లేదు. పసుపు దగ్గరే ఆగిపోయిన పుస్తకాలు చూస్తే చివుక్కుమంటుంది. 2020లో భారతీయ భాషల వికీసోర్స్‌లన్నిటికీ కలిపి అచ్చుదిద్దే పోటీలు పెట్టడం మొదలైంది. పోటీల్లో పుటలు గబగబా రంగు మారతాయి, అంత గబగబా మారితే నాకు కొంచెం అనుమానం కూడా. ఈ పనికి తొందర పనికిరాదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన కథలన్నీ 2022 జనవరి 1నుంచి హక్కులు తీరినవే. వాటిని దిద్దడం వీరేశలింగంగారి గ్రాంథికం దిద్దడంకన్నా కష్టం. అరసున్నకు వ్యాకరణం తోడుంటుంది. శ్రీపాదవారి ఆడవాళ్ల మాటలకు ఏ నిఘంటువూ తోడు రాదు. గోదావరి ఇళ్లలో దీర్ఘం ఎంతసేపు తీస్తారో, ఏ క్రియ చివర ఏ అచ్చు ఒరుగుతుందో ఆయన చెవితో విని రాశారు. ఓసీఆర్ అలాంటి మాటను చూసి దగ్గర్లో ఉన్న పుస్తకభాష మాటలోకి సర్దేస్తుంది. వేరే ప్రాంతపు సభ్యుడు దాన్ని అచ్చుతప్పనుకుని సదుద్దేశంతోనే దిద్దేస్తాడు. అక్కడ రెండో జత కళ్లు గోదావరి జిల్లాలవాళ్లవి అయ్యుండాలి. అమ్మమ్మ మాట చెవిలో ఉన్నవాళ్లయితే మరీ మంచిది. ఖాతా తెరవడానికి ఒక పేరు, సంకేతపదం చాలు. ముందుగా పసుపు పుట ఒకటి తీసుకుని బొమ్మతో పోల్చి చూడండి, కొత్త పుట మొదలుపెట్టడంకన్నా అదే తేలిక.